పదిహేనో కర్ర

మనిషి తన బతుకును ఎన్ని రకాలుగా చెడగొట్టుకోవచ్చో పెద్దలు ఎప్పుడో చెప్పి పెట్టారు. తాగుడు, పేకాట, దుష్ట సావాసం వగైరా. నేను అవేవీ చేయలేదు. ఒక సంచి మీద ఒక తువ్వాలు కప్పాను. అంతే. ఆ తువ్వాలు కింద నా పన్నెండేళ్ళ కష్టం, నా పేరు, మా నాన్న పరువు మూడూ ఒకే పూటలో పోయాయి. నమ్మకపోతే చివరిదాకా చదవండి. మధ్యలో నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. అప్పట్లో ఎంతమంది నవ్వారో చూశాను, మీరు కొత్తగా చేసే నష్టమేమీ లేదు.

నేను గోల్ఫ్ ఆటగాణ్ణి. ఈ మాట చెప్పగానే మన తెలుగు చుట్టాలు ముందు మొహం చూస్తారు, తర్వాత చెప్పులు చూస్తారు. రాయపూర్‌లో ఉన్న మా బంధువుల్లో ఒకాయన అయితే, "అదేటి, పెద్దాఫీసర్లు సాయంత్రం పూట పొట్ట తగ్గడానికి ఆడతారు, అదే కదా! దాంట్లో ఉద్యోగం కూడా ఉంటాదేటి?" అని అడిగాడు. ఉంటుందండీ. టెన్నిస్‌కీ క్రికెట్‌కీ ఉన్నట్టే దీనికీ ఉంటుంది. దేశమంతా తిరిగి పోటీలు ఆడాలి. కాకపోతే ఆ పోటీల్లోకి రానివ్వాలంటే ఒక కార్డు కావాలి. ఆ కార్డు కోసం ఏటా నాలుగు రోజుల అర్హత పోటీ పెడతారు. అందులో మొదటి ఇరవై మందికి ఏడాదిపాటు ఆటగాడన్న గౌరవం. ఇరవై ఒకటో వాడు ఇంటికెళ్ళి అమ్మ వండింది తినాలి.

మాది గుఢియారీ. రైలు పట్టాల అవతల, ఒక గోడకు రెండిళ్ళు ఆనుకునే పేట. మా తాత పలాస వైపు నుంచి రైల్వేలో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా నాన్న పోలినాయుడు వ్యాగన్లు బాగుచేసే షాపులో కమ్మరి. ఆ షాపు వెనక రైల్వే ఆఫీసర్లకు తొమ్మిది గుంటల గోల్ఫ్ మైదానం ఒకటి ఉండేది. మైదానమంటే పచ్చగా ఊహించుకోకండి. రాయపూర్ ఎండకు అక్కడ గడ్డి మొలిచేది కాదు. అందుకని గుంట చుట్టూ ఇసుకలో పాత ఇంజనాయిలు కలిపి పరిచేవారు. సాయంత్రం ఆట ముగించుకొచ్చిన ఆఫీసరు దగ్గర అత్తరు వాసన, ఇంజను వాసన కలిసి వచ్చేవి.

ఆ ఆఫీసర్ల క్లబ్బులు వంగితే తిన్నగా చెయ్యడం మా నాన్న పని. గోల్ఫ్ కర్రను క్లబ్బు అనాలని అమ్మకు ఎంత చెప్పినా ఆమె కర్ర అనే అనేది, కాబట్టి నేనూ ఇక్కడ రెండూ వాడతాను. క్లబ్బులు సరిచేసీ సరిచేసీ వాటి ఒంపు మా నాన్న చేతికి తెలిసిపోయింది. నాకు పన్నెండేళ్ళప్పుడు, కొత్తగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చి రాయపూర్ రాజధాని అయ్యానని మురిసిపోతున్న రోజుల్లో, ఆయన పనికిరాని వ్యాగన్ స్ప్రింగు పట్టీ ముక్క ఒకటి ఫోర్‌మన్‌ను అడిగి తెచ్చుకున్నాడు. దాన్ని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి క్లబ్బు తల చేశాడు. ఎవరో ఆఫీసరు పారేసిన విరిగిన క్లబ్బు కాడకు దాన్ని తొడిగాడు. పట్టుకునే చోట సైకిల్ ట్యూబు చుట్టాడు.

"ఇది పట్టుకో. బంతి ఎల్లకపోతే నన్నడుగు" అన్నాడు.

బంతి వెళ్ళింది. ఎంతలా వెళ్ళిందంటే గూడ్స్ లైను దాటింది. ఆ కర్రతోనే నేను ఆట నేర్చుకున్నాను. పదిహేనేళ్ళకు ఆఫీసర్లను ఓడించాను, పద్దెనిమిదేళ్ళకు రాష్ట్రంలో పిల్లకాయల పోటీ గెలిచాను. ఆ తర్వాత మంచి క్లబ్బుల సెట్టు వచ్చింది. నాన్న కర్ర ముందు గదిలో దేవుడి పటాల పక్కన మేకుకు ఎక్కింది. ఏటా దసరాకు నాన్న దానికి పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. అమ్మవారి పక్కన అదొక చిన్న అమ్మవారిలా ఉండేది.

ఇరవై రెండేళ్ళకు నేను ప్రొఫెషనల్‌నయ్యాను. ప్రొఫెషనల్ అంటే ఏసీ కారు, నల్ల కళ్ళజోడు అనుకునేరు. రెండేళ్ళు చిన్నాచితకా పోటీలకు స్లీపర్ క్లాసులో తిరిగాను. గోల్ఫ్ సంచి బెర్తు కింద పట్టదు, పైన ఆగదు. దాన్ని పక్కన పడుకోబెట్టుకుని దుప్పటి కప్పేవాణ్ణి. ఒకసారి టీసీ వచ్చి, "ఈయన టికెట్టేదీ?" అన్నాడు. పోటీకెళ్ళడం, రెండో రోజు సాయంత్రానికి వెనకబడ్డవాళ్ళలో పేరు కొట్టివేయించుకోవడం, మూడో రోజు రైలెక్కడం, ఇదీ నా వృత్తి జీవితం.

అలాంటి సమయంలో ఒక సేఠ్‌జీ నన్ను కరుణించాడు. ఇళ్ళు కట్టే ఇనుప చువ్వల మిల్లు ఆయనది. ఆ ఏడాది అర్హత పోటీ కొత్త రాయపూర్ వైపు వేసిన కొత్త మైదానంలో పెట్టారు. మనూరి కుర్రాడు ఆడుతున్నాడని హిందీ పేపరోడు నా దగ్గరికొచ్చాడు. "నాన్నగారేం చేస్తారు?" అని అడిగాడు. నేను ఒక్క క్షణం ఆగి, "రైల్వేలో ఇంజనీరు" అన్నాను.

ఎందుకన్నాను? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. నాతో ఆడే వాళ్ళ నాన్నలందరూ కల్నళ్ళు, కంపెనీ వాళ్ళు. వాళ్ళ మధ్య నిలబడి కమ్మరి అనే మాట గొంతులోంచి రాలేదు. సిగ్గుపడ్డాను, అంతకు మించి కారణమేమీ లేదు.

పేపర్లో వచ్చింది. నాన్న పది కాపీలు కొన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా హిందీ కూడబలుక్కుని చదివాడు.

"ఏట్రా, నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది? మా షాపులో ఎవడూ సెప్పలేదే!"

"పేపరోళ్ళు అలాగే రాస్తారు నాన్నా."

"అలగా? పోన్లే, ఒక రోజైనా ఇంజనీరునయ్యాను" అని నవ్వి, ఆ పది కాపీల్లో తొమ్మిది షాపులో పంచిపెట్టాడు. వాళ్ళు ఆయన్ని వారం రోజులు ఇంజనీర్ సాబ్ అని పిలిచి వేపుకు తిన్నారు. ఆయన అందరికీ టీ ఇప్పించాడు. నా అబద్ధానికి ఆయన టీ పోయించడం అదే మొదలు.

ఆ వార్త చదివే సేఠ్‌జీ నన్ను పిలిపించాడు. కార్డు వస్తే ఏడాది ఖర్చంతా నాదే, చొక్కా మీద మా చువ్వల పేరు ఉండాలి, అన్నాడు. మూడు రోజుల ఆట అయ్యేసరికి నేను పదకొండో స్థానంలో ఉన్నాను. ఇరవై మందికి కార్డు. ఒక్క రోజు కాళ్ళూ చేతులూ వణక్కుండా ఆడితే చాలు. మూడో రోజు మధ్యాహ్నం సేఠ్‌జీ ఫోన్ చేశాడు. "బేటా, సాయంత్రం మీ ఇంటికి వస్తున్నా, ఫోటో తీసేవాడితో. ఇంటి దగ్గర ఫోటో కావాలి."

నాన్న డ్యూటీలో ఉన్నాడు, అదొక్కటే నా అదృష్టం అనుకున్నాను. ఇంట్లోకి పరిగెత్తి చుట్టూ చూశాను. నాన్న ఖాకీ బట్టలు దండెం మీంచి తీసేశాను. నూనె మరకల బూట్లు మంచం కిందికి తన్నేశాను. గోడ మీద దేవుళ్ళు ఉన్నారు, వాళ్ళతో ఇబ్బంది లేదు. వాళ్ళ పక్కన నాన్న కర్ర ఉంది. మేకు మీంచి లాగాను.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "దాన్నెందుకు తీస్తన్నావురా? మీ నాన్న ఎట్టింది అది."

"సేఠ్‌జీ వస్తున్నాడమ్మా. గోడకు ఈ గునపమేంటి అని అడిగితే ఏం చెప్పను?"

"మీ నాన్న సేసేడని సెప్పు. అందులో తప్పేటి?"

"నాన్న ఇంజనీరని ఆయన పేపర్లో చదివాడు."

అమ్మ నా మొహం చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఓహో! కొడుకు పెద్దోడైతే తండ్రి సిన్నోడైపోతాడన్నమాట" అని లోపలికి పోయింది.

అంతలో వీధిలో కారు హారన్ మోగింది. కర్రను ఎక్కడ పెట్టను? మంచం కింద బూట్లు, తలుపు వెనక అమ్మ చీపురు. ఎదురుగా నా గోల్ఫ్ సంచి ఉంది. మామూలుగా సంచిలో కర్రలు తల పైకి పెట్టుకుంటాం. నేను నాన్న కర్రను తలకిందులుగా, తల అడుక్కి పోయేలా, కిందిదాకా కుక్కేశాను. పొట్టి కాడ కాబట్టి పిడి కూడా లోపలికి మునిగిపోయింది. పైన ఆ తువ్వాలు కప్పాను. దొంగ సొత్తు దాచిన ఆనందంతో చేతులు దులుపుకున్నాను.

సేఠ్‌జీ తెల్లని బట్టల్లో వచ్చి కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగి, గదంతా తృప్తిగా చూశాడు. ఆయన చూపు గోడ మీద మేకు దగ్గర ఆగింది. దాని చుట్టూ సున్నం మాయకుండా క్లబ్బు ఆకారంలో తెల్లగా మచ్చ ఉంది.

"ఇక్కడేదో ఉండేదే?"

"క్యాలెండర్ సేఠ్‌జీ" అన్నాను.

"అచ్ఛా. బేటా, నువ్వు మొట్టమొదట ఆడిన స్టిక్ ఏది? దాంతో ఫోటో తీసుకుందాం. మా తాత గుఢియారీ బజారులోనే పాత ఇనుము తూచి అమ్మేవాడు. ఆయన మొదటి తరాజు ఇప్పటికీ నా గద్దీ పక్కనే ఉంటుంది. రోజూ దానికి దండం పెట్టి గానీ కూర్చోను. మొదటి పనిముట్టు అంటే లక్ష్మి."

నేను ఏమనాలి? ఏ గాడిదకైనా అప్పుడు బుద్ధి వచ్చేది. నాకు రాలేదు. "మొదటిది ఇంగ్లీషు సెట్టు సేఠ్‌జీ, ఎక్కడో పోయింది" అన్నాను. ఆయన, "పోనీలే" అని నా కొత్త క్లబ్బు ఒకటి చేతికిచ్చి ఫోటో తీయించుకుని వెళ్ళిపోయాడు. వంటింట్లో ఒక గిన్నె కావలసినదానికన్నా గట్టిగా చప్పుడైంది.

ఆ కర్ర సంచిలో ఉందన్న సంగతి నేను మర్చిపోయాను. ఎలా మర్చిపోతావురా అంటారా? రేపు నా జీవితం తేలుతుంది అనుకున్నవాడికి పళ్ళు తోముకున్నాడో లేదో కూడా గుర్తుండదు. నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. గోడ చూశాడు. ఏమీ అడగలేదు. "రేపు నేనూ వస్తానురా" అన్నాడు.

"ఎందుకు నాన్నా, ఎండ. అక్కడ కూర్చోడానికి చోటుండదు. డ్యూటీ పాడవుతుంది."

"అవునవును, డ్యూటీ ఉంది" అన్నాడు.

ఇప్పుడు ఒక్క నియమం చెప్పాలి. గోల్ఫ్ ఆటగాడి సంచిలో పద్నాలుగు కర్రలకు మించి ఉండకూడదు. పదిహేనోది ఉంటే, దాన్ని ముట్టుకోకపోయినా సరే, అలా ఆడిన ఒక్కో గుంటకూ, బంతిని కొట్టిన దెబ్బల లెక్కలో రెండేసి కలుపుతారు. గరిష్ఠంగా నాలుగు. మా ఆటలో తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గొప్ప కాబట్టి, నాలుగు కలపడమంటే కొండెక్కుతున్నవాడి కాళ్ళు లాగడమే. అందుకే ఆట మొదలయ్యే ముందు కర్రలు లెక్కపెట్టుకోవడం మాకు సంధ్యావందనం లాంటిది.

ఆ రోజు కూడా లెక్కపెట్టాం. నా సంచి మోసే దుకాలు అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఆ కొత్త రాయపూర్ మైదానం కింద ఆయన పొలమే కొంత పోయింది. తన పొలంలోనే సంచి మోస్తున్నాడన్నమాట. ఆయన వేలితో తలలు తాకుతూ ఏక్, దో అనుకుంటూ చౌదా, అంటే పద్నాలుగు దాకా వెళ్ళి, "పూరా హే భైయా" అన్నాడు. తలలు లెక్కపెట్టాడు. తల కిందికి పెట్టిన దానికి తలెక్కడిది?

మొదటి గుంట సవ్యంగా అయింది. రెండో గుంటలో ఉండాల్సిన దానికన్నా ఒక దెబ్బ తక్కువలో ముగించాను. మూడో గుంటకు వెళ్ళాం. నా ముందువాడు ఇంకా కొట్టాలి. దుకాలు నా పొడుగు కర్రను సంచిలో పెడుతున్నాడు. అది దిగడం లేదు. తోశాడు. కింద ఖణేల్‌మంది. చెయ్యి పెట్టి కెలికాడు. సైకిల్ ట్యూబు చుట్టిన పిడి ఒకటి పైకొచ్చింది. దాని వెంట స్ప్రింగు పట్టీ తల, దాని మీద పోయిన దసరా పసుపు.

"యే కా హే భైయా?" అన్నాడు దుకాలు.

అదేంటో నాకు తెలుసు. ఈ లోకంలో నాకు తెలిసినంతగా అది ఎవరికీ తెలీదు. దుకాలు అటూ ఇటూ చూశాడు. అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. పక్కనే పొదలున్నాయి. ఆయన గొంతు తగ్గించి, పొదలో పడేసేదా అని తన ఛత్తీస్‌గఢీలో అడిగాడు. "ఝాడీ మ డార్ దఁవ్ కా?"

ఇక్కడ నా గొప్పతనం ఒకటి చెప్పుకోవాలి, తర్వాత చెప్పుకోడానికేమీ ఉండదు. మా ఆటలో ఎవరూ చూడకపోయినా మన తప్పు మనమే చెప్పుకోవాలి. చిన్నప్పట్నుంచీ అది నా ఒంట్లో ఉంది. నేను చెయ్యెత్తి రెఫరీని పిలిచాను. ఆయన రిటైరైన మిలిటరీ మనిషి, బండిలో వచ్చి దిగాడు. ఆయన వెనకే సేఠ్‌జీ, ఫోటో తీసేవాడు. తాడు అవతల చూసే జనం ఒక పాతిక మంది పోగయ్యారు.

"సార్, నా సంచిలో పదిహేను ఉన్నాయి" అన్నాను. నా గొంతు నాకే ముచ్చటగా వినిపించింది.

"నిజాయితీపరుడివి" అన్నాడు రెఫరీ. "రెండు గుంటలు అయ్యాయి కాబట్టి నాలుగు దెబ్బలు. ఇకపై దీన్ని వాడనని చెప్పు, ఆట కొనసాగించు." ఆ కర్రను చేతిలోకి తీసుకుని ఎగాదిగా చూసి, ఊరికే, కేవలం కుతూహలం కొద్దీ అడిగాడు. "ఇంతకీ ఇదేంటి? ఎలా వచ్చింది సంచిలోకి?"

ఆయన అడగకపోతే అక్కడితో పోయేది. ఆటలో నిజం చెప్పినవాణ్ణి, అదే ఊపిరిలో రెండో నిజం కూడా చెప్పొచ్చు. సేఠ్‌జీ నా మొహంలోకే చూస్తున్నాడు.

"మా నాన్న పెట్టి ఉంటాడు సార్. సెంటిమెంటు. చదువుకోని మనిషి, ఈ రూల్స్ ఆయనకేం తెలుస్తాయి!"

ఇంజనీరు చదువుకోనివాడెలా అయ్యాడని సేఠ్‌జీ కనుబొమలు పైకి లేచాయి. నేను అది గమనించేలోపే తాడు అవతల నుంచి ఒక గొంతు వినిపించింది.

"హాఁ సాబ్. మైఁనే రఖా."

నేనే పెట్టానంటున్నది మా నాన్న. తెల్ల చొక్కా, చేతిలో టిఫిను క్యారియరు. పొద్దున్నే డ్యూటీకని బయల్దేరి బస్సెక్కి ఇక్కడికొచ్చి, నాకు కనబడకుండా జనం వెనక నిలబడ్డాడు. తాడు కిందనుంచి వంగి వచ్చాడు. పచ్చిక మీద అడుగుపెట్టే ముందు చెప్పులు విడిచాడు. జనంలో కొంతమంది కిసుక్కుమన్నారు.

"తప్పు నాది సాబ్. కుర్రాడికి సంబంధం లేదు. నా పేరు రాసుకోండి" అని తన పేరు, షాపు పేరు, తన టికెట్ నంబరుతో సహా చెప్పాడు. షాపులో ప్రతి పనివాడికీ ఒక టికెట్ నంబరు ఉంటుంది. పనిలో తప్పు జరిగితే ఇచ్చే మెమో దాని మీదే వస్తుంది.

"బాబా, ఎవరు పెట్టారన్నది నియమానికి అక్కర్లేదు. సంచి ఈ అబ్బాయిది, దెబ్బలూ ఈ అబ్బాయివే" అన్నాడు రెఫరీ మెల్లగా.

"నాలుగూనా?"

"నాలుగూ."

"రెండు నా పేరు మీద రాయడానికవదా?"

ఈసారి పైకే నవ్వారు. రెఫరీ మాత్రం నవ్వలేదు, ఆ కర్రను నాన్న చేతికిచ్చి బండెక్కాడు. నేను? నేను నేల చూస్తూ బంతి పెట్టుకున్నాను. నోరు తెరిచి ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు.

ఇంట దాచి రచ్చలో దొరకడం అంటే ఇదే. ముందు రోజు ఇద్దరి కళ్ళలో పడకుండా దాచిన కర్రను మా నాన్న భుజాన పెట్టుకుని, ఇంకో చేత టిఫిను క్యారియరు పట్టుకుని, మిగతా పదహారు గుంటలూ తాడు వెంటే నడిచాడు. నేనెక్కడ తల తిప్పినా ఆ పసుపు రాసిన ఇనుము ఎండలో మెరుస్తూ కనబడేది. ఆ పదహారూ నేను బాగానే ఆడాను. అదే నా ఖర్మ. చెత్తగా ఆడి ఉంటే నెపం ఇంకో దాని మీద పెట్టుకునేవాణ్ణి. సాయంత్రం లెక్కలు అంటించారు. ఇరవయ్యో వాడికన్నా నాది ఒక్క దెబ్బ ఎక్కువ. నాలుగులో రెండు నాన్న పేరు మీద రాసి ఉంటే కార్డు వచ్చేసేది.

సేఠ్‌జీ నా దగ్గరికి రాలేదు. నాన్న దగ్గరికి వెళ్ళి కర్ర అందుకున్నాడు. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"స్ప్రింగు పట్టీయా?"

"హాఁ సాబ్, వ్యాగన్‌ది."

"నూనెలో ముంచావా, నీళ్ళలోనా?"

"నూనెలో. నీళ్ళలో ముంచితే పగులుతాది."

ఇనుము తెలిసిన ఇద్దరూ పది నిమిషాలు నన్ను మర్చిపోయి మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన నా వైపు తిరిగాడు. "నిన్న మీ గోడ మీద క్యాలెండర్ ఉండేదన్నావు. ఆ మచ్చ ఇదే కదూ?"

నాన్న తొందరగా అందుకున్నాడు. "లేదు సాబ్, అక్కడ క్యాలెండరే ఉండేది."

సేఠ్‌జీ నాన్న వంక చాలాసేపు చూశాడు. "ఇలాంటి ఇనుము ఇంట్లో పెట్టుకుని దాచేవాడు నా ఇనుము పేరు గుండె మీద ఏం మోస్తాడు!" అన్నాడు నాతో. నాన్నతో మాత్రం, "రిటైర్మెంట్ ఎప్పుడు?" అన్నాడు. ఆ విధంగా నా వృత్తి జీవితంలో అతి ముఖ్యమైన రోజున మా నాన్నకు రిటైరయ్యాక చెయ్యడానికి ఇంకో ఉద్యోగం దొరికింది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. సంచి మా ఇద్దరి మధ్య, మూడో మనిషిలా. ఊరి దీపాలు కనబడ్డాక అడిగాను.

"ఎందుకు ఒప్పుకున్నావు నాన్నా? నువ్వు పెట్టలేదని నీకు తెలుసు కదా?"

ఆయన కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "మా షాపులో పని పాడైతే, నేనే సేశానని ఎవడు ముందు సెప్తే మెమో ఆడికేరా. కొత్తగా వచ్చిన కుర్రోళ్ళ మీద మచ్చ పడకూడదని పెద్దోళ్ళం మేం ఒప్పేసుకుంటాం. నాకింక రెండేళ్ళ సర్వీసు. నాకు మెమో ఇస్తే ఏటవుతాది? ఆ నాలుగు దెబ్బలూ నా మీద రాసుకుంటారనుకున్నాను." ఆ మీదట నన్నే అడిగాడు. "ఇక్కడ అలగుండదేటి?"

దీనికి నేను చెప్పిన జవాబు వినండి. క్షమించు నాన్నా, అనలేదు. "తెలియని చోట మాట్లాడకూడదు నాన్నా" అన్నాను. ఆయన తలూపాడు. క్యారియరు మూత తీశాడు. "మీ అమ్మ పులిహోర సేసింది, తిను. పొద్దుట్నుంచీ ఏటీ తినలేదు నువ్వు."

నేను తిన్నాను. తినగలిగానంటే ఎంత మందపు తోలో చూడండి. అప్పుడు రాని ఏడుపు నెల రోజుల తర్వాత, పళ్ళు తోముకుంటూ ఉండగా, ఏ కారణమూ లేకుండా వచ్చింది.

మర్నాడు పొద్దున లేచి చూస్తే ముందు గదిలో ఆ మేకుకు క్యాలెండర్ వేలాడుతోంది. నాన్న బజారుకెళ్ళి కొనుక్కొచ్చి మచ్చ కనబడకుండా తగిలించాడు. నేను సేఠ్‌జీకి చెప్పిన మాట అబద్ధం కాకుండా పోయింది. ఇప్పటికి ఎన్ని సంవత్సరాలు మారాయో, అక్కడ క్యాలెండరే ఉంటుంది. కర్ర సేఠ్‌జీ గద్దీ పక్కన, వాళ్ళ తాత తరాజు పక్కన ఉంది. ఆయనే అడిగి పట్టుకెళ్ళాడు.

నేను మరో రెండేళ్ళు కార్డు కోసం ప్రయత్నించాను. ఒకసారి ఐదు దెబ్బల తేడాలో పోయింది, ఒకసారి తొమ్మిది. అప్పుడు సంచిలో పద్నాలుగే ఉన్నాయి, నెపం వెయ్యడానికి నాన్న కూడా పక్కన లేడు. ఇప్పుడు అదే కొత్త మైదానంలో పెద్దవాళ్ళ పిల్లలకు ఆట నేర్పుతున్నాను. పాఠం మొదటి రోజు నేను చెప్పేది ఒకటే. తలలు లెక్కపెట్టకండి, సంచి బోర్లించి లెక్కపెట్టండి. నాన్నకు డెబ్బై దాటింది. నేను పనికి బయల్దేరేటప్పుడు అరుగు మీంచి రోజూ అడుగుతాడు, "లెక్కెట్టావా?" అని. పెట్టానంటాను. ఆ మాట వెనక ఆయన ఏమీ ఉంచుకోలేదని నాకు తెలుసు. అదే నన్ను ఎక్కువ కోస్తుంది.

ఈ కథ రాయడం అయ్యాక మొన్న ఆయనకు చదివి వినిపించాను. టీసీ మాట దగ్గర నవ్వాడు, ఇంజనీర్ సాబ్ దగ్గర ఇంకా నవ్వాడు. అంతా విని, గొంతు సవరించుకుని, "బాగా రాశావు. ఒక్క సోట మార్చరా. ఆ కర్ర నేనే ఎట్టానని రాసెయ్. నీ దగ్గర పిల్లలు నేర్సుకుంటన్నారు. ఆళ్ళు సదివితే బాగోదు" అన్నాడు.

కాబట్టి, ఇందుమూలముగా యావన్మంది పాఠకులకు, గోల్ఫ్ రెఫరీలకు, వ్యాగన్ రిపేరు షాపు ఫోర్‌మన్ గారికి తెలియజేసుకునేదేమనగా: గుఢియారీ వాస్తవ్యుడు, కమ్మరి పోలినాయుడి కొడుకునైన నేను, ఇక నుంచి ఏ ఇనుమునూ తలకిందులు చేయనని, ఏ తువ్వాలూ కప్పనని, పద్నాలుగు క్లబ్బుల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఆ పదిహేనోది నేనే పెట్టాను. మా నాన్న మళ్ళీ ఒప్పుకోడానికి వస్తే ఆయన మాట నమ్మకండి. మెమో నా పేరు మీద రాయండి.